ఆ చప్పుడు ఎప్పటి నుంచి?

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్న వాళ్ల కోసం జరిగిన సమావేశంలో, చాలాకాలం మందుల షాపు నడిపిన ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందికి దించు నాయనా. ఆఁ, చాలు.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. మందుల షాపు వాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను. అక్కడ నిలబడితే ఒకటి తెలుస్తుంది, డాక్టర్‌కి చెప్పని సంగతులన్నీ జనం మాకు చెప్తారు. డాక్టర్ గదిలో మూడు నిమిషాలే. మా దగ్గర చిల్లర వెతుక్కునే లోపల సంసారమంతా బయటికొస్తుంది. అట్లా నా చెవిన పడిన వాటిలో ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. కొడుకో, కూతురో, కోడలో పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. "మా నాయన పొద్దస్తమానం గొంతు ఖాండ్రిస్తా ఉంటాడన్నా." "మా అమ్మ ఊరికే నోరు ఆడిస్తా ఉంటుంది." "మా అత్త అడిగిందే అడుగుతుంది, తల పగిలిపోతా ఉంది. దీనికేమన్నా మాత్ర ఉందా?"

మాత్ర ఉందా అని అడిగితే మందుల షాపు వాడు లేదంటాడా? ఏదో ఒకటి తీసి ఇచ్చేవాణ్ణి. ఆ సంగతి తర్వాత చెప్తాను, అందులో నా తప్పు కూడా ఉంది. ముందు మా నాన్న గురించి.

మాది చంద్రగిరి పక్కన పల్లె. మా వైపు వాళ్లం కొండకు అలిపిరి నుంచి కాకుండా శ్రీవారి మెట్టు దారిలో ఎక్కుతాం. 2,388 మెట్లు. మా నాన్న సేద్యగాడు, వయసులో ఉన్నప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లు ఎక్కి దిగేవాడు. మెట్టెక్కేటప్పుడు గోవిందా అనాలని ఎవరూ నేర్పక్కర్లేదు, ఊపిరే అనిపిస్తుంది. తర్వాత మోకాళ్లు పోయినాయి, కొండెక్కడం ఆగింది, కానీ గోవిందా ఆగలేదు. మంచం మీద నుంచి లేస్తే గోవిందా. కుర్చీలో కూర్చుంటే గోవిందా. పక్కకు తిరిగినా గోవిందా. మా వాడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. "తాత ఒక్కసారి ఊరుకోలేడా" అని విసుక్కునేవాడు. నేనూ రెండు మూడుసార్లు అన్నాను, "నాయనా, పిల్లోడు చదువుకుంటా ఉండాడు, కొంచెం మెల్లగా" అని. ఆయన తల ఊపి, తల ఊపుతూ కూడా గోవిందా అన్నాడు.

(నవ్వులు)

ఇందులో జబ్బేమీ లేదు. బరువు ఎత్తేటప్పుడు మనం ఊపిరి బిగబడతాం చూడండి, అట్లా బిగబడితే కడుపు గట్టిపడి నడుముకు దన్ను వస్తుంది. వయసు మీద పడ్డాక మన ఒళ్లే మనకు బరువు. లేచేటప్పుడు బిగబట్టిన ఊపిరి వదిలితే అది ఒక శబ్దంగా బయటికొస్తుంది. కొందరికి "హమ్మా", కొందరికి "అబ్బా", తిరుపతి చుట్టుపక్కల చాలామందికి "గోవిందా".

అయితే ఒక కార్తీక మాసంలో మా ఆవిడ ఒక మాటంది. "మామ గోవిందా రెండు ముక్కలవుతా ఉంది, విన్నారా?" నేను వినలేదు. వినడం మానేసి ఏళ్లయింది కదా. ఆ సాయంత్రం పనిగట్టుకొని కూర్చొని విన్నాను. "గో" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "విందా" అన్నాడు. బాత్రూమ్ వరకు పోయి వచ్చి మంచం మీద కూర్చున్నప్పుడైతే "గో" ఒక్కటే వచ్చింది. దగ్గరికి పోయి చూస్తే తలకింద ఒక దిండు ఉండే చోట మూడు దిండ్లున్నాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి, అట్నే ఉండిపోయింది. గుండె రక్తం తోడటం తగ్గితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పడుకుంటే ఆయాసం ఎక్కువవుతుంది, కాళ్లు ఉబ్బుతాయి. మరుసటి రోజే తీసుకుపోయాం. నీరు పోవడానికి మందులిచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు. వారం తిరిగేసరికి గోవిందా మళ్లీ ఒక్క ముక్కలో వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లున్నాడు.

మందుల షాపు నాది, బీపీ మిషను నాది, కనిపెట్టింది మాత్రం వంటింట్లో ఉన్న మనిషి. ఆమె ఆ శబ్దాన్ని రోజూ వింటోంది, అందుకే అది మారిన రోజు ఆమెకు తెలిసింది. శబ్దం ఏమిటన్నది అంత ముఖ్యం కాదు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందన్నది చూడాలి. ఈ పూట నేను చెప్పే దాంట్లో ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు, తక్కినవన్నీ దీనికి ఉదాహరణలే.

ఇప్పుడు గొంతు సంగతి. పెద్దవాళ్లు పొడిదగ్గు దగ్గుతూనే ఉంటారు, గొంతు సవరించుకుంటూనే ఉంటారు. కళ్లె రాదు, జ్వరం ఉండదు. ఇలాంటి వాళ్లు షాపుకొస్తే నేను సిరప్ ఇచ్చేవాణ్ణి. అది అయిపోయాక ఇంకో సిరప్. ఒకరోజు ఒకామె ఆ సిరప్‌తో పాటు నెలవారీ బీపీ మాత్రలు కూడా అడిగింది. చూస్తే రామిప్రిల్. అప్పుడు వెలిగింది. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ — చివర "ప్రిల్" అని ఉన్న బీపీ మాత్రలు కొంతమందికి పొడిదగ్గు తెస్తాయి. ఇది నేను కాలేజీలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే! ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం విరగకుండా పేరుకుపోయి గొంతులో గీరినట్టు చేస్తుంది. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మాత్ర మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలలు గడిచాకా రావచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డాక్టర్ దాని బదులు టెల్మిసార్టాన్ లాంటిది రాస్తే చాలామందికి కొన్ని వారాల్లో దగ్గు పోతుంది. అంటే నేను ఒక చేత్తో దగ్గు అమ్మి, ఇంకో చేత్తో దగ్గుమందు అమ్మాను. వినేవాళ్లు మీరు కాబట్టి చెప్తున్నాను.

ప్రిల్ మాత్ర వాడనివాళ్లు ఖాండ్రిస్తుంటే రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తున్నారో చూడండి. తొమ్మిదిన్నరకు సీరియల్ అయ్యాక సంగటి తిని పదింటికి పడుకుంటే పొట్టలోని పులుపు గొంతు దాకా ఎగదన్నుతుంది. ఏడింటికి పెట్టి చూడండి.

గొంతులో ఇంకొక శబ్దం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు తాగిన వెంటనే దగ్గడం, తాగాక మాట నీళ్లలోంచి వచ్చినట్టు గరగరమనడం. మింగే కండరాలు బలహీనపడి నీళ్లు గాలి గొట్టంలోకి పోతున్నాయేమో చూపించాలి. పక్షవాతం వచ్చిన వాళ్లలో, కంపవాతం, అదే పార్కిన్‌సన్ జబ్బు, ఉన్నవాళ్లలో ఇది మామూలే, అదే పదే పదే న్యుమోనియాకు దారి తీస్తుంది.

ఇక మా అమ్మ.

అమ్మ ఒకప్పుడు ఆకు వక్క వేసేది. డాక్టర్ చెప్తే మానేసింది. మానేసిన చాలా ఏళ్లకు, డెబ్బై ఎనిమిదో ఏట, మళ్లీ నమలడం మొదలుపెట్టింది, నోట్లో ఏమీ లేకుండా. పెదవులు ముందుకొస్తాయి, వెనక్కి పోతాయి, నాలుక చెంపలోకి పోయి ఉబ్బెత్తుగా కనపడుతుంది, మధ్యలో "చప్" అని శబ్దం. ఇంటికొచ్చిన వాళ్లు అడిగేవాళ్లు, "ఏమ్మా, ఏం నములుతా ఉండావు?" "నేనా? ఏమీ లేదే" అనేది. నోరు తెరిచి చూపించేది కూడా. అబద్ధమాడుతోందని మా చెల్లెలు కొంగు ముడి విప్పి వెతికింది, చాటుగా వక్క తింటోందేమోనని. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే ఏదోలా ఉంటుంది. ఆమెకు నిజంగానే తెలియదు.

నేనేమనుకున్నాను? పాత అలవాటు నోటికి గుర్తొచ్చిందనుకున్నాను. తర్వాత కట్టుడు పళ్లు వదులయ్యాయనుకున్నాను. అది పూర్తిగా తప్పు ఊహ కాదు. పళ్లు లేకపోయినా, కట్టుడు సెట్టు సరిగ్గా కూర్చోకపోయినా నోరు ఇలాగే ఆడుతుంది, అందుకని ముందు పళ్ల డాక్టర్‌కి చూపించడం మంచిదే. చూపించాం. కొత్త సెట్టు కట్టించాం. కొత్త సెట్టుతో ఆ "చప్" ఇంకా గట్టిగా వినపడింది.

తర్వాత ఆమె నడక మందగించింది. అడుగు చిన్నదయింది, మొహంలో నవ్వు తగ్గింది. వయసు కదా అనుకున్నాం. ఒకసారి పెరట్లో పడితే, ఎముక విరగలేదు గానీ, ఒక న్యూరాలజిస్టుకు చూపించాం. చిన్న వయసాయన. అమ్మ ఆయన ముందు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంది. ఆయన ఏ స్కానింగూ అడగలేదు. అర నిమిషం ఊరికే ఆమె నోటివైపు చూశాడు. చూసి నన్నడిగాడు, "గ్యాస్‌కి ఏం వాడుతున్నారు?"

నడవలేక పడిపోతే గ్యాస్ మాత్ర గురించి అడుగుతాడేమిటని నాకు అనిపించాలి కదా? అనిపించలేదు. కాళ్ల కింద నేల కదిలింది. ఆయన ఎందుకడుగుతున్నాడో ఆ గదిలో ఆయన తర్వాత తెలిసినవాణ్ణి నేనే.

అమ్మకు కడుపుబ్బరానికి ఒక డాక్టర్ క్యాప్సూల్ రాశాడు. పాంటోప్రజోల్, దానితో కలిపి లెవోసల్పిరైడ్. రాసింది పదిహేను రోజులకు. నేనిచ్చింది దాదాపు రెండేళ్లు. షాపు మనదే, మందు పని చేస్తోంది, అమ్మకు హాయిగా ఉంది, ఇంకేం కావాలి? ఆ లెవోసల్పిరైడ్ డోపమిన్ అనే రసాయనం పని చేసే చోటును అడ్డుకుంటుంది. పొట్టలో అడ్డుకుంటే తిన్నది ముందుకు కదులుతుంది, ఉబ్బరం తగ్గుతుంది. మెదడులో అడ్డుకుంటే నడక బిగుసుకుంటుంది, చేయి వణుకుతుంది, నెలల తరబడి వాడితే నోరు, నాలుక వాటంతటవే ఆడటం మొదలుపెడతాయి. దీన్ని టార్డివ్ డిస్కైనీసియా అంటారు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా ఇదే గొడవ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనే ఆ మందు వివరాల కాగితంలో నల్ల గీతల డబ్బా కట్టి హెచ్చరిక రాయించింది, పన్నెండు వారాలకు మించి వాడొద్దని. తలతిరుగుడుకు ఏళ్ల తరబడి వేసుకునే సినరిజైన్, ఫ్లూనరిజైన్ కూడా పెద్దవాళ్లలో కంపవాతం లాంటి లక్షణాలు తెస్తాయి. ముసలివాళ్లు, అందులో ఆడవాళ్లు, అందులో షుగర్ ఉన్నవాళ్లు ఈ దెబ్బకు ముందు దొరుకుతారు. మా అమ్మ మూడూ.

ఆయన ఆ మందు ఆపించాడు. నాలుగైదు నెలల్లో నడక చాలావరకు తిరిగొచ్చింది. నోరు సగం తగ్గింది. పూర్తిగా పోలేదు. కొందరికి ఇది మందు ఆపినా పోదు. ఇంటికొచ్చిన రోజు రాత్రి చెప్పాను, "అమ్మా, నేనిచ్చిన మాత్ర వల్లే నీకిట్లా అయింది" అని. ఆమె కాసేపు ఆలోచించి, "పోనీలే, గ్యాస్ తగ్గింది గదా" అంది.

(కాసేపు మౌనం)

ఒక హెచ్చరిక చేసి ముందుకు పోతాను. ఇది విని ఇంటికిపోయి మాత్రలు మీరే ఆపేయకండి. ముఖ్యంగా మానసిక జబ్బులకు వాడేవి, ఫిట్స్‌కి వాడేవి హఠాత్తుగా ఆపితే ప్రమాదం. స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకొని, ఆయుర్వేదం లేహ్యాలతో సహా, డాక్టర్ టేబుల్ మీద కుమ్మరించండి. ఆపేదేదో, తగ్గించేదేదో ఆయన చెప్తాడు.

కంపవాతం అన్నాను కదా. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే వైద్యుడు దాని గురించి మొదటిసారి వివరంగా రాశాడు. మొత్తం ఆరుగురి గురించి రాస్తే అందులో ముగ్గురు ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న వాళ్లు కాదు. ఇద్దరు దారిలో తారసపడ్డారు, ఒకరిని దూరం నుంచే చూశాడు. స్కాను లేదు, రక్తపరీక్ష లేదు. వీధిలో పోయే ముసలాయన చేతిని, వంగిన నడుమును చూసి రాశాడు. గాంధీ రోడ్డులో మనమూ రోజూ చూస్తాం, కానీ దారి ఇవ్వట్లేదని హారన్ కొడతాం. ఒడిలో పెట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు కదులుతుంటాయి, పని చేసేటప్పుడు ఆ కదలిక తగ్గుతుంది, మామూలుగా ఒక చేతిలోనే మొదలవుతుంది. గొంతు సన్నబడుతుంది, మాట చివర అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. నిద్రలో కేకలు పెట్టడం, పక్కనున్న వాళ్లను తన్నడం కొందరిలో దీనికి ఏళ్ల ముందే కనిపిస్తుంది. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, ఇలాంటివి అక్కడ చూపించవచ్చు.

ఇప్పుడు అడిగిందే అడగడం. ఇక్కడ చాలామంది దీనికోసమే వచ్చారని ముందు వరసలో మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

మా పెద్దమ్మ పల్లెలో పాడి చేసిన మనిషి. చివరికి తిరుపతిలో కూతురి దగ్గర, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేది. సాయంత్రం నాలుగయితే మొదలు. "ఆవుకు కుడితి పెట్టినారా?" మా అక్క చెప్పేది, "ఆవు యాడుందమ్మా, అమ్మేసి ఇరవై ఏళ్లయింది." పది నిమిషాలకు మళ్లీ, "ఆవుకు కుడితి పెట్టినారా?" మా అక్క ఓపికమంతురాలు, నిజం చెప్పడం మానలేదు. దాంతో ఏమయిందంటే, పెద్దమ్మకు ఆవు అమ్మేసిన సంగతి ప్రతిసారీ కొత్త వార్తే. ప్రతిసారీ ఏడ్చేది. మతిమరుపు జబ్బులో కొత్త సంగతి మెదడులో అచ్చు పడదు. అందుకే "ఇప్పుడే చెప్పినా గదా" అంటే పెద్దమ్మకు అర్థం కాదు, ఎవరూ ఏమీ చెప్పలేదనే ఆమె లెక్క. గుబులు మాత్రం పోదు, ఆ గుబులే మళ్లీ అడిగిస్తుంది.

ఒకరోజు ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇల్లు తుడుస్తూ, తలెత్తకుండా, "పెట్టినా అవ్వా, బకెట్ మొత్తం తాగేసింది" అంది. పెద్దమ్మ "అట్నా" అని కాళ్లు చాపుకుంది. ముప్పావుగంట మళ్లీ అడగలేదు. మా అక్కకు మొదట కోపం వచ్చింది, పెద్దవాళ్లతో అబద్ధమాడతారా అని. తర్వాత తనూ అదే మాట నేర్చుకుంది. ఇది తప్పా ఒప్పా అని వాదించే వాళ్లున్నారు. నాకు తప్పనిపించలేదు. మూడున్నరకే ఒక చేటలో శెనక్కాయలు పోసి ఒడిలో పెట్టేవాళ్లు. చీర అంచు నలుపుతూ ఉండే ఆ వేళ్లు కాయలు ఒలవడంలో పడేవి. నాలుగు దాటేది, అయిదు దాటేది, ఆవు గుర్తొచ్చేది కాదు. నోట్లో వేసుకొని పొలమారే వాళ్లకైతే శెనక్కాయలు వద్దు, తువ్వాళ్లు మడత పెట్టమని ఇవ్వండి.

ఇది మన ఒక్క ఇంటి కథ కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి మతిమరుపు జబ్బు ఉంది, అంటే సుమారు 88 లక్షల మంది. అందరికీ మరుపుతోనే మొదలు కాదు. కొందరికి యాభైల్లోనే తీరు మారుతుంది. ఊరికే చప్పట్లు కొట్టడం, ఒకే కూనిరాగం, ఎప్పుడూ లేనిది తీపి మీద పడటం, నలుగురిలో సిగ్గు లేకపోవడం. జ్ఞాపకం బాగానే ఉంటుంది కాబట్టి పొగరనుకుంటారు. అదీ మెదడు జబ్బే కావచ్చు.

ఒకటి మాత్రం రేపు చూద్దామని వాయిదా వేయకండి. నిన్నటి దాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పలవరించడం, దుప్పటి పీకడం, గాల్లో ఏదో ఏరడం మొదలుపెడితే, పాతకాలంలో సంధి పుట్టిందని చుట్టాలకు కబురు పెట్టేవాళ్లు. ఇప్పుడు మూత్రం పరీక్ష, రక్తంలో సోడియం పరీక్ష చేయించాలి. సోడియం 135 నుంచి 145 ఉండాలి. మే నెల తిరుపతి ఎండలో నీళ్లు తక్కువ తాగి, నీరు పోయే మాత్ర మాత్రం రోజూ వేసుకునే వాళ్లను నేను ఎంతమందిని చూశానో. ఇన్ఫెక్షన్, సోడియం, చివరికి నాలుగు రోజుల మలబద్ధకం కూడా మనిషిని అలా చేయగలవు. చాలావరకు నయమయ్యేవే, సాయంత్రంలోగా ఆసుపత్రికి పోతే.

కోడళ్లకు, కూతుళ్లకు ఒక మాట. ఆ శబ్దం వింటే ఒళ్లు మండుతుందని చెప్పడానికి మీరు సిగ్గుపడతారు. ప్రేమ లేక కాదు. కొన్ని చిన్న శబ్దాలు, నమలడం, చప్పరించడం, ముక్కు ఎగబీల్చడం లాంటివి కొందరి ఒంట్లో ఉన్నట్టుండి కోపం రేపుతాయి. దీనికి 2001లో మిసోఫోనియా అని పేరు కూడా పెట్టారు. పక్క గదిలో ఫ్యాన్ వేసుకోండి, రేడియో పెట్టుకోండి, భోజనం వేరే వేళకు చేయండి, పాపమేమీ లేదు. ఆ మనిషికి మాత్రం తన శబ్దం మీకెంత గట్టిగా వినిపిస్తోందో తెలియదు. చెవుడు సన్నని శబ్దాలతో మొదలవుతుంది, టీవీ సౌండు పెరుగుతుంది, కూనిరాగమూ పెరుగుతుంది. ఒక్కోసారి చెవిలో గుబిలి తీయిస్తే ఇంట్లో సగం గోల తగ్గుతుంది. చూసుకునే వాళ్లే లేని పెద్దలుంటే 14567కి ఫోన్ చేయవచ్చు, అది పెద్దవాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, పక్కన తేదీ రాసుకోండి. డాక్టర్ గదిలో మా అమ్మలాగా అందరూ బుద్ధిగా కూర్చుంటారు, ఆ నోరు ఆ అర నిమిషం ఆడకపోయి ఉంటే నేనింకా ఆ క్యాప్సూల్ ఇస్తూనే ఉండేవాణ్ణి.

ఎవరో చేయెత్తారు, చెప్పండమ్మా.

(సభలోంచి: మా మామగారు రాత్రంతా ఏదో గొణుగుతా ఉంటారు సార్. ఏం చేయాల?)

ఎప్పటి నుంచమ్మా?

(సభలోంచి: చాన్నాళ్లయింది.)

చాన్నాళ్లంటే ఉగాదికి ముందా, తర్వాతా? ...చూశారా, ఆలోచిస్తున్నారు. ఉగాదికి ఇంటికొచ్చిన ఆడబిడ్డను అడగండి, ఆమె చెప్తుంది. దూరంగా ఉండి అప్పుడప్పుడు వచ్చేవాళ్లకే తేడా తెలుస్తుంది. ఆ నెలలో ఏ కొత్త మాత్ర మొదలైందో పాత చీటీల్లో చూడండి. ఆ గొణుగుడు నిద్రలోనా, మెలకువలోనా అన్నది ఒక రాత్రి మేలుకొని చూడండి. ఈ మూడూ పట్టుకొని డాక్టర్ దగ్గరికి పోండి.

ఇంకొకటి చెప్పి కూర్చుంటాను. పోయిన నెల మా మనవరాలు ఫోన్ తెచ్చి, "తాతా, ఇది విను" అంది. కుర్చీ కిర్రుమంది, వెంటనే "గోవిందా". మా నాన్న గొంతే. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఎప్పుడు రికార్డు చేశావే అన్నాను. "నిన్న. అది నువ్వే" అంది. నేను నమ్మలేదు. వంటింట్లోకి పోయి మా ఆవిణ్ణి అడిగాను, ఇది ఎప్పటి నుంచని. ఆమె పోపు వేస్తూ వెనక్కి కూడా తిరగలేదు. "అయిదేళ్ల నుంచి అంటానే ఉండారు. ఇంకా ఒక్క ముక్కలోనే వస్తా ఉంది లెండి" అంది.